కోడలి కంచం



కాన్పు అయిందని దవాఖాన నుంచి ఫోన్ రాగానే మన ఇళ్లల్లో వరసగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఆడపిల్లా, మగపిల్లాడా? నార్మలా, ఆపరేషనా? ఆ రెండూ తెలిశాక మిఠాయిలు తెప్పిస్తారు, చుట్టాలకు ఫోన్లు చేస్తారు. బిడ్డ బరువెంత అని అడిగేవాళ్లు తక్కువ. నర్సు చెప్పినా చెవిన పెట్టేవాళ్లు ఇంకా తక్కువ. ఆరోగ్య శాఖలో పల్లెలు తిరిగే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి నాకు ముందుగా ఆ మూడో ప్రశ్నే నోటికొస్తుంది. రెండున్నర కిలోలు దాటిందా, లేదా?

దాటకపోతే ఆ బిడ్డను వైద్యులు తక్కువ బరువు బిడ్డ అంటారు. అలాంటి బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు గట్టిగా చప్పరించే శక్తి ఉండదు, జబ్బులు తొందరగా అంటుకుంటాయి. ఆ బరువు కాన్పు రోజున కాటా మీద తేలుతుంది, అంతే. అది తయారయ్యేది అంతకు ముందు నెలల్లో. తల్లి ఏం తిన్నది, ఎంత పని చేసింది, ఒంట్లో రక్తం ఎంత ఉంది, అసలు ఏ వయసులో పెళ్లయింది అనే లెక్కలన్నీ అందులో కలిసి ఉంటాయి.

ఇవాళ గోదావరికి ఇటూ అటూ ఉన్న రెండు పాత జిల్లాల సంగతి మాట్లాడుకుందాం. ఇవతల కరీంనగర్, అవతల ఆదిలాబాద్. పాత జిల్లాలని ఎందుకన్నానంటే 2016 అక్టోబరు 11న ఇవి చీలిపోయాయి. కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వచ్చాయి. ఆదిలాబాద్‌లోంచి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. జిల్లాలు ఎన్నయినా, కడుపుతో ఉన్న ఆడమనిషి కష్టం మాత్రం పాత హద్దుల ప్రకారమే నడుస్తోంది.

ముందు మంచి మాట చెప్పుకోవాలి. తెలంగాణలో లక్ష కాన్పులకు చనిపోయే తల్లుల సంఖ్య 2014-16 లెక్కల్లో 81. అది 2018-20 నాటికి 43కు దిగింది. నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే జరుగుతున్నాయని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మంత్రసాని, కొడవలి, చీకటి గది కాలం చూసిన మా తరానికి ఇది చిన్న విషయం కాదు. ఊరూరూ తిరిగిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు దక్కాల్సిన పేరు ఇది.

అదే సర్వేలో ఇంకో పేజీ ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివాళ్లు నాలుగో సర్వేలో నూటికి 28 మంది ఉంటే, ఐదో సర్వేలో 33 మంది అయ్యారు. రక్తహీనత ఉన్న పిల్లలు 61 నుంచి 70కి పెరిగారు. గర్భిణుల్లో సగానికి పైగా, అంటే నూటికి 53 మందికి, రక్తం తక్కువే. కాన్పు దవాఖానకు చేరింది, తల్లి బతికింది, మరి పిల్లలెందుకు గిడసబారుతున్నారు? ఇంత చక్కగా కాన్పులు చేయించుకుంటున్న రాష్ట్రంలో ఈ అంకె వెనక్కి నడవడమేమిటి?

కరీంనగర్ వైపు నుంచి మొదలుపెడతాను. ఇక్కడ దవాఖానలకు కొదవ లేదు. కరీంనగర్ పట్నంలో, జగిత్యాలలో, కోరుట్లలో నర్సింగ్ హోం బోర్డు కనబడని వీధి అరుదు. స్కానింగులు జరుగుతాయి, పరీక్షలు జరుగుతాయి. ఆపరేషన్లూ జరుగుతాయి. ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు దవాఖానల్లో 81. కరీంనగర్ జిల్లాలో అన్ని దవాఖానలూ కలిపి చూసినా నూటికి ఎనభైకి పైనే. సిజేరియన్లు పదికి మించినందువల్ల అదనంగా తల్లీబిడ్డల ప్రాణాలు దక్కుతున్నట్టు ఆధారమేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. పదెక్కడ, ఎనభై ఎక్కడ?

తప్పంతా డాక్టర్లదే అనుకుంటే మనం సుఖంగా తప్పించుకున్నట్టే. పంతులు గారి దగ్గర ముహూర్తం పెట్టించుకుని, ఫలానా రోజు పొద్దున ఫలానా గంటకు బిడ్డను తీయమని చీటీ పట్టుకొచ్చే కుటుంబాలు ఈ జిల్లాలో నేను ఎన్నో చూశాను. నక్షత్రం బాగుండాలని నెలలు నిండకముందే తీయిస్తే ఆ బిడ్డ బరువు ఏమవుతుంది? కడుపులో చివరి రెండు మూడు వారాలు బిడ్డ ఒళ్లు చేసే కాలం, ఊపిరితిత్తులు గట్టిపడే కాలం. జాతకం మంచిదే వచ్చింది, బరువు మాత్రం రెండుంబావు కిలోలు. నా బిడ్డ ఇక నొప్పులు భరించలేదు, కోయండి సారూ అని గర్భిణి కన్నతల్లే బతిమాలే సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆపరేషన్ దేవుడిచ్చిన వరమే. ఆ అవసరం నూటికి ఎనభై మందికి వస్తుందా అన్నదే నా సందేహం.

ఈ ఆపరేషన్ల సంగతికీ, పిల్లల తిండికీ సంబంధం ఉంది. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము పట్టించాలి. ఆ మొదటి పాలు, ముర్రుపాలు, పసుపు రంగులో చిక్కగా ఉంటాయి. మొదటి టీకా లాంటివవి. తెలంగాణలో నూటికి 97 మంది బిడ్డలు దవాఖానలో పుడుతుంటే, గంటలోపు తల్లిపాలు అందుతున్నది 37 మందికే. డాక్టరు, నర్సు, గోడ మీద తల్లిపాల పోస్టరు అన్నీ ఉన్నచోటే 60 మంది బిడ్డలు మొదటి గంట పాలు లేకుండా గడుపుతున్నారు. ఆపరేషన్ అయిన తల్లి మత్తులో, నొప్పిలో ఉంటుంది, బిడ్డ ఇంకో గదిలో ఉంటుంది. వరండాలో కూర్చున్న పెద్దమ్మ తేనె చుక్కో, చక్కెర నీళ్లో నాకిస్తుంది. లేదంటే డబ్బా పాలు వస్తాయి. ఆపరేషన్ అయినా సరే, తల్లికి మెలకువ ఉంటే, నర్సు కాస్త సాయం పడితే, గంటలో పాలు పట్టించవచ్చు. అడగండి. మీ బిడ్డను అడగడానికి మీకెవరి అనుమతీ అక్కర్లేదు.

ఇదే కరీంనగర్‌లో దీనికి విరుగుడు కూడా మొదలైంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇక్కడే ఆరంభించాయి. నొప్పులు పడే తల్లి పక్కన నిలబడి, నడిపించి, ధైర్యం చెప్పి, మామూలు కాన్పును మామూలుగానే జరిపించే నర్సులను తయారుచేయడం దాని పని. దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు 2018 చివర్లో వచ్చాయి. అంటే దేశం కంటే ముందు కరీంనగర్ నడిచింది. ఎక్కువ కోతల జిల్లా అని పేరు పడిన చోటే ఈ విత్తనం పడటం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఇళ్లలోకి వద్దాం. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు మధ్యాహ్నం పూట ఏ వాడకు వెళ్లినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు బీడీలు చుడుతూ కనబడతారు. చాటలో ఒకవైపు కత్తిరించిన తునికాకు, ఒకవైపు తంబాకు. నిండు చూలాలు కూడా అలాగే కూర్చుంటుంది. కడుపు అడ్డం వస్తుంటే చాటను మోకాళ్ల మీదికి జరుపుకుంటుంది. వేళ్లు ఆగవు. లేస్తే లెక్క తగ్గుతుందని నీళ్లు కూడా తక్కువ తాగుతుంది. తంబాకు దుమ్ము రోజంతా ముక్కులోకి పోతుంది, చేతుల చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. పొగాకు విషం తల్లి ఒంట్లో చేరితే బిడ్డ బరువు తగ్గుతుందని వైద్యశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. బీడీ కార్మికురాలికి కడుపు కాలంలో ఆ చాట పక్కన పెట్టేందుకు కూలి భరోసా ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు పౌష్టికాహార పథకాల్లో జవాబు లేదు.

ఆ తునికాకు ఎక్కడిదో గమనించండి. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవులు ఈ ఆకుకు పేరుపడ్డవి. ఎండాకాలంలో తెల్లవారకముందే లేచి ఆకు కోసి కట్టలు కట్టేది అక్కడి ఆడవాళ్లు. చుట్టేది ఇక్కడి ఆడవాళ్లు. రెండుచోట్లా రక్తం తక్కువే.

ఆదిలాబాద్‌లో కథ తలకిందులు. ఉట్నూరు, నార్నూరు, సిర్పూర్, తిర్యాణి కొండల్లో ఆపరేషన్ ఎక్కువ కావడం కాదు, దవాఖాన చేరడమే పెద్ద పని. వానాకాలం వాగు పొంగితే గూడేనికి బండి రాదు. గర్భిణిని మంచం మీద, ఎడ్లబండి మీద తెచ్చారన్న వార్త ఏటా పత్రికలో చూస్తూనే ఉన్నాం. చూసి చూసి మనకు అలవాటైపోయింది, అదీ బాధ. ఆదివాసుల్లో గోండుల ఊళ్లు కొంత మేలు. కొండ కొమ్మున ఉండే కొలాం గూడేల సంగతి ఇంకా కష్టం. అందుకే నెలలు నిండిన వాళ్లను వారం పది రోజుల ముందే దించి, ఉట్నూరు వంటిచోట దవాఖాన దగ్గరే ఉంచే ఏర్పాటు చేశారు. ఏర్పాటు మంచిదే. కానీ ఒక్కదాన్నే రమ్మంటే ఏ ఆడమనిషీ రాదు. ఆమె ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, మేకలు, పత్తి చేను ఉంటాయి. పిల్లలను వెంట తెచ్చుకోనిస్తే, తోడు వచ్చిన అత్తకు కూడా అన్నం పెడితే వస్తుంది.

ఇంకో అడ్డంకి భాష. గోండు తల్లికి తెలుగులో గడగడా చెప్పి, అర్థమైందా అంటే తల ఊపుతుంది. ఆ తల ఊపుడును రిజిస్టర్లో 'అవగాహన కల్పించాం' అని రాసుకుంటాం. ఆదిలాబాద్ కలెక్టరుగా పనిచేసిన దివ్య దేవరాజన్ గోండి నేర్చుకుని జనంతో మాట్లాడారు. అప్పటిదాకా కలెక్టరేట్ మెట్లెక్కనివాళ్లు నేరుగా ఆమెకే గోడు చెప్పుకున్నారు. కలెక్టరు నేర్చుకోగలిగిన భాషను, ఆ గూడేనికి రోజూ వెళ్లే మా శాఖవాళ్లు ఎందుకు నేర్చుకోకూడదు? కొందరు నేర్చుకున్నారు. వాళ్ల గూడేల్లో టీకాలకు పిలవనక్కర్లేదు.

తిండి విషయంలో ఆదిలాబాద్ ఆదివాసులకు మనం పాఠం చెప్పడం కంటే, వాళ్ల పాఠం వాళ్లకే గుర్తుచేస్తే చాలు. జొన్న గట్క, కందిపప్పు, అడవిలో దొరికే ఆకుకూరలు, ఇప్పపువ్వు. ఇవి వాళ్ల ఇంటి వంటలే. పత్తి, సోయా వచ్చి జొన్న చేలను మింగాయి. పత్తి వండుకుని తినలేం కదా. రేషన్ బియ్యం కడుపు నింపుతుంది, రక్తం నింపదు. ఈ మాట గ్రహించే గిరిజన ప్రాంతాల అంగన్‌వాడీలకు ఇక్రిశాట్ సాయంతో జొన్నలు, చిరుధాన్యాలతో చేసిన ఆహారం ఇచ్చే గిరి పోషణ పథకం పెట్టారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. గర్భిణులకు వాటిని పంచారు. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొచ్చే మన పట్నంవాళ్లకు ఆ లడ్డూ రుచి చూపించాలి.

ఇలా ఒకచోట డబ్బూ దవాఖానా ఉన్నాయి, ఒకచోట అడవీ దూరమూ ఉన్నాయి. అయినా రెండుచోట్లా పిల్లలు బరువు తక్కువతోనే ఉన్నారంటే అసలు కారణం దవాఖానలో లేదు. వంటింట్లో ఉంది. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినేది కోడలు. పప్పు అయిపోతే పచ్చిపులుసుతో సర్దుకునేది కోడలు. గుడ్డు ఒకటే ఉంటే అది మగపిల్లాడికి. పైగా ఒక నమ్మకం. "ఎక్కువ తింటే కడుపుల పిల్ల పెద్దగైతది, కాన్పు కష్టమైతది" అని అత్తలు నాతో ఎన్నిసార్లు అన్నారో. కడుపుతో ఉన్నప్పుడు తక్కువ తినాలి, బొప్పాయి ముట్టొద్దు, గుమ్మడికాయ వద్దు. కాన్పు అయ్యాక పథ్యం. ఉత్త అన్నం, వెల్లుల్లి కారం, నీళ్లు కూడా గుక్కెడే. పాలిచ్చే మనిషికి నీళ్లు తగ్గిస్తే పాలెక్కడి నుంచి వస్తాయి? వారం తిరక్కుండానే "పాలు సాలుతలేవు" అని డబ్బా కొంటారు.

ఈ సంగతిని ప్రపంచానికి చెప్పినవాళ్లలో మన తెలుగువారొకరున్నారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసినవారు. దక్షిణాసియాలో తిండిగింజలు, డాక్టర్లు వంటివి ఆఫ్రికా కంటే మెరుగ్గా ఉన్నా, పిల్లల పౌష్టికాహార లోపం మాత్రం ఇక్కడే ఎందుకు ఎక్కువ అని ఆయన, మరో ఇద్దరు నిపుణులు 1996లో యునిసెఫ్ నివేదికలో ప్రశ్న వేశారు. వాళ్లకు తేలిన జవాబు ఆడమనిషి స్థితి. కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడి తల్లులు పెరిగే బరువు చాలా తక్కువ. అందుకే మూడోవంతు దాకా బిడ్డలు తక్కువ బరువుతో పుడుతున్నారు. ఆ ఆడమనిషికి తన తిండి మీద, తన పని మీద, తన ఆరోగ్యం మీద మాట చెల్లదు. ఇది చెప్పి ఇన్నేళ్లయినా ఈ రెండు జిల్లాల్లో బస్సెక్కి ఏ ఊళ్లో దిగినా అదే నిజం కనబడుతుంది.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. అందుకే 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒకపూట అంగన్‌వాడీలోనే అన్నం పెడుతున్నారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికి ఇవ్వకుండా అక్కడే కూర్చోబెట్టి తినిపించాలన్నది దీని కీలకం. ఇంటికి ఇస్తే పదిమంది నోళ్లలో పడుతుంది.

ఒక మధ్యాహ్నం మానకొండూరు వైపు ఒక అంగన్‌వాడీలో కూర్చున్నాను. అయిదో నెల గర్భిణి ఒకామె స్టీలు కంచంలో అన్నం తింటోంది. పప్పు తిన్నది, ఆకుకూర తిన్నది, పాలు తాగింది. గుడ్డును మాత్రం కంచం అంచుకు జరిపి పెట్టుకుంది. టీచరు అటు తిరగ్గానే దాన్ని కొంగు చివర మూటగట్టి నడుముకు చెక్కుకుంది. బయట మూడేళ్ల పిల్ల ఆమె కోసం చూస్తోంది. ఆ గుడ్డు ఎవరికో అడగక్కర్లేదు. ఏం చెప్పగలం? ఏ తల్లినైనా పెద్దపిల్లకు పెట్టొద్దని ఎలా అంటాం? అక్కడ వంట చేసే ఆయమ్మ మాత్రం తెలివైనది. ఏమీ అనకుండా ఆ పిల్లను లోపలికి పిలిచి, దాని వాటా గుడ్డు దానికి పెట్టి, "ఇగ నీ గుడ్డు నువ్వు తిను బిడ్డా, కడుపుల దానికి ఎవరు పెడ్తరు?" అంది. ఆ కొంగుముడి విప్పి గుడ్డు తిన్నాకే ఆమె లేచింది. పై అధికారులు రాసే మార్గదర్శకాల కంటే ఆ ఆయమ్మ మాట నాకు గొప్పగా అనిపించింది.

సరే, రక్తం సంగతి. మన ఊళ్లలో రక్తం గోళీలంటారు, ఐరన్ మాత్రలు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180. అన్ని ఊళ్లలో ఉచితంగా ఇస్తారు. తీసుకోనివాళ్లు లేరు, మింగనివాళ్లే ఉన్నారు. డబ్బా మూత తీయకుండా గూట్లో పెట్టిన ఇళ్లు చూశాను. అడిగితే వాంతికొస్తున్నది మేడమ్, దొడ్డికి నల్లగా వస్తున్నది మేడమ్ అంటారు. ఈ గోళీలకు నల్లగా రావడం మామూలే, భయం లేదు. వికారం ఉంటే రాత్రి తిన్న తర్వాత పడుకునేముందు వేసుకోండి. చాయ్‌తో వేసుకోకండి. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గోళీకి అటు గంట, ఇటు గంట చాయ్ వద్దు. కాల్షియం మాత్రతో కలపొద్దు, అది పొద్దున, ఇది రాత్రి. పైన ఒక నిమ్మకాయ నీళ్లో, జామకాయ ముక్కో, ఉసిరికాయో తింటే ఇంకా బాగా పడుతుంది. ఇది మా శాఖ కరపత్రాల్లో సన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. అందుకే రేడియోలో గట్టిగా చెబుతున్నాను. రక్తం, అంటే పరీక్షలో హిమోగ్లోబిన్, 11 ఉండాలి. 7 కంటే దిగితే గోళీలతో కాదు, దవాఖానలో చేరాల్సిందే. ఆ స్థితిలో కాన్పు నొప్పులు వస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

బిడ్డ పుట్టాక ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఎండాకాలమైనా సరే, పాలల్లో నీళ్లున్నాయి. ఆరు నిండగానే పాలొక్కటే చాలవు, మెత్తటి తిండి మొదలుపెట్టాలి. మనవాళ్లు తొందరపడితే మూడో నెలలోనే చక్కెర నీళ్లు పడతారు, ఆలస్యం చేస్తే ఏడాది దాకా పాల మీదే ఉంచుతారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో తగినంత తిండి, తగినన్ని రకాల తిండి అందుతున్నవాళ్లు ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి పదిమంది లోపే. ఇది చదివినప్పుడు నేను ఆ పేజీ రెండుసార్లు చూసుకున్నాను. అయిదు రూపాయల కుర్‌కురే ప్యాకెట్టు ప్రతి గూడేనికీ చేరింది. చాయ్‌లో బిస్కట్టు ముంచి పెడితే పిల్లాడు తిన్నట్టే అని అవ్వలు అనుకుంటున్నారు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పొడి రెండున్నర కిలోల ప్యాకెట్టు ఆ ఒక్క బిడ్డకు నెలంతటికీ. ఇంట్లో అందరూ తింటే నాలుగు రోజులు రాదు. కొన్నిచోట్ల గొడ్లకు దాణాగా పోతోందని వార్తలు కూడా వచ్చాయి. జొన్న గట్క మెత్తగా కలిపి, పప్పు కట్టు వేసి, చెంచాడు నెయ్యో నూనో పోసి, ఆకుకూర మెదిపి రోజుకు మూడుసార్లు పెట్టండి. గుడ్డు మెత్తగా నలిపి పెట్టండి. గుడ్డు వేడి చేస్తుందని ఇంకా చెప్పేవాళ్లుంటే వినకండి.

బిడ్డ సహజంగానే సన్నగా ఉన్నాడా, పోషణ లోపంతో ఉన్నాడా అని తేల్చడానికి అంగన్‌వాడీ టీచరు దగ్గర ఒక రంగుల పట్టీ ఉంటుంది. జబ్బకు చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎరుపు. అది తీవ్రమైన లోపం. అలాంటి బిడ్డల్లో జబ్బు కూడా ఉన్నవాళ్లను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తారు. అక్కడ రెండు వారాల దాకా ఉంచి, ప్రత్యేక పాలు, మందులు ఇస్తారు. తల్లి కూలి కూడా కొంత చెల్లిస్తారు. అయినా ఎందరో మూడో రోజే బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోతారు. పత్తి ఏరే కాలంలో మరీ ఎక్కువ. వాళ్లను తిట్టే డాక్టర్లున్నారు. నేను తిట్టలేను. పత్తి తడిస్తే ఏడాది అప్పు తీరదు, ఆ లెక్క ఆమెకు తెలుసు. ఇక్కడ చేయాల్సింది మొగుడికి చెప్పడం. చేను పని ఆయన చూసుకుంటే ఆమె పద్నాలుగు రోజులు ఉండగలదు.

ఇంత హడావుడి ఎందుకు, పెద్దయ్యాక తింటే పుంజుకోరా అని ఒక సర్పంచి గారు నన్ను అడిగారు. దూరదేశం ముచ్చట ఒకటి చెప్పాను. గ్వాటెమాలా అని మధ్య అమెరికాలో ఒక పేద దేశం. అక్కడ 1969 నుంచి 1977 దాకా నాలుగు ఊళ్లలో ఒక పరీక్ష చేశారు. రెండు ఊళ్లలో మాంసకృత్తులున్న అంబలి లాంటిది పోశారు. మిగతా రెండు ఊళ్లలో తీపి నీళ్ల పానీయం పోశారు. ఆ పిల్లలే పెద్దయ్యాక వెతికి పట్టుకుని చూశారు. రెండేళ్లలోపు ఆ అంబలి తాగిన మగపిల్లలు, పెద్దయ్యాక గంటకు సంపాదించే కూలి మిగతావాళ్ల కంటే 46 శాతం ఎక్కువని 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. మూడేళ్లు దాటాక అంబలి తాగినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. కడుపులో పడ్డనాటి నుంచి రెండేళ్లు నిండేదాకా వెయ్యి రోజులంటారు. ఆ వెయ్యిలో 270 రోజులు కడుపులోనే గడుస్తాయి. ఆ సర్పంచి గారు వినడమే కాదు, మరుసటి నెల నుంచి అంగన్‌వాడీ గుడ్ల లెక్క తానే చూడటం మొదలుపెట్టారు.

పథకాలు చాలా ఉన్నాయి. 2022 డిసెంబరులో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా తొమ్మిది జిల్లాల గర్భిణులకు నెయ్యి, ఖర్జూరం, పోషకాల పొడి, ఐరన్ సిరప్ ఉన్న కిట్లు కూడా ఇచ్చారు. నాకు కనిపించిన లోపం పథకాల్లో కాదు. వాటిని అందుకోవాల్సిన మనిషి ఇంట్లో నోరు విప్పలేకపోవడంలో ఉంది. అత్త ఒప్పుకుంటేనే అంగన్‌వాడీకి, మొగుడు ఒప్పుకుంటేనే పరీక్షకు. అందుకే ఇవాళ్టి మాటలు గర్భిణులకంటే ఇంట్లో మిగతావాళ్లకే చెబుతున్నాను.

అత్తలారా, కోడలితో కలిసి ఒక రోజు అంగన్‌వాడీకి వెళ్లి మీరూ అక్కడ కూర్చోండి. ఆమె కార్డులో బరువు గీత పైకి పోతోందా అని టీచరును అడగండి. తొమ్మిది నెలల్లో పది కిలోలైనా పెరగాలి. భార్యను ఊళ్లో ఉంచి దుబాయ్‌లో, మస్కట్‌లో పనిచేస్తున్న తమ్ముళ్లారా, రాత్రి ఫోన్లో తిన్నావా అని అడిగి ఊరుకోకండి, ఏం తిన్నావని అడగండి. ఇంకో మాట. నెల తప్పిన సంగతి దిష్టి తగులుతుందని మూడు నెలలు దాచే అలవాటు రెండు జిల్లాల్లోనూ ఉంది. ఊరికి చెప్పకండి, మంచిదే. ఆశా కార్యకర్తకు మాత్రం ఆ మొదటి నెలలోనే చెప్పండి. మొదటి పరీక్ష పన్నెండు వారాల లోపు కావాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. బండి కావాలంటే 102కి ఫోన్ చేయండి.